తిరువయ్యారులో ఎదురెదురుగా ఇద్దరు

"ఏమిరా, నేను పోయినాక నా బూడిదను ఎట్లా తీసుకొని పోయి కావేరిలో కలుపుతావు కదా! అదేదో బతికుండగానే తీసుకొని పోతే నేనూ చూస్తాను."

మా పిన్ని ఈ మాట అన్నది ఉగాది నాడు. ఆమెకు 79 ఏళ్ళు. మోకాళ్ళు సహకరించవు గాని, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. తిరువయ్యారు చూడాలని ఆమెకు చిన్నప్పటి నుంచి కోరిక. ప్రతి ఏటా పుష్య బహుళ పంచమి దగ్గర పడేసరికి "ఈసారి ఆరాధనకు పోదాం" అనడం, ఇంట్లో ఎవరికో జ్వరమో, ఎవరికో పరీక్షలో అడ్డం రావడం, చివరకు టీవీ ముందు కూర్చొని పంచరత్నాలు వినడం. ఇట్లా ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. ఆరాధన రోజుల తోపులాటలో ఇక ఆమె నిలవలేదు. అందుకని జనం లేనప్పుడే వెళదామని పోయిన ఆగస్టు సెలవుల్లో బయలుదేరాము. పిన్ని, నేను, పదహారేళ్ళ నా మనుమరాలు, ముగ్గురమే.

మాది బెంగళూరు. మా తాతగారి తండ్రి చిక్కపేటలో బట్టల కొట్లో లెక్కలు రాయడానికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కూరగాయల బండి దగ్గర తమిళం, ఇదీ మా భాష. బళ్ళో తెలుగు చదివినవాళ్ళం కాము. మా వంటివాళ్ళకు తెలుగు దక్కింది చాలావరకు పాటల వల్లనే. త్యాగరాజస్వామి కీర్తనల్లో ఒక మాటకు అర్థం తెలియకపోతే పిన్నినే అడిగేవాళ్ళం.

మైసూరు నుంచి బెంగళూరు మీదుగా తంజావూరు వెళ్ళే రాత్రి రైలు ఉంది. పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టుకొని ఎక్కాము. కింది బెర్తు మీద కూర్చొని పిన్ని సన్నగా ఏదో పాడుతూ ఉంటే ఎదుటి సీటులోని తమిళ దంపతులు మాటలాపి విన్నారు. "అమ్మా, మీరు కచేరీలు చేస్తారా?" అని ఆవిడ తమిళంలో అడిగింది. పిన్ని నవ్వి, "మా అన్న చేసేవాడు" అంది.

ఆ జవాబు వెనక ఒక కథ ఉంది. అది తరువాత చెబుతాను.

తెల్లవారేసరికి తంజావూరు. సత్రంలో స్నానాలు చేసుకొని, పెద్ద గుడిలో బృహదీశ్వరుణ్ణి చూసుకొని, కోటలోని రాజభవనానికి వెళ్ళాము. సరస్వతీ మహల్ గ్రంథాలయం అక్కడే ఉంది. చూడవచ్చిన వాళ్ళ కోసం కొన్ని తాళపత్రాలు, పాత పుస్తకాలు, పటాలు అద్దాల బీరువాల్లో పెట్టారు. తమిళదేశం నడిబొడ్డున, మరాఠా రాజుల కోటలో, తెలుగు తాళపత్రాలు! మనవంటి ప్రవాసాంధ్రులకు అక్కడ నిలబడితే ఒళ్ళు పులకరిస్తుంది. నాయక రాజులు తెలుగువారే. రఘునాథ నాయకుడు తానే కవి. ఆయన కొడుకు విజయరాఘవుడి కొలువులో రంగాజమ్మ తెలుగులో మన్నారుదాస విలాసం రాసింది. తరువాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదలలేదు. 1739 నుంచి 1763 వరకు ఏలిన ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని అనే ఆమె ఉండేది. సంగీతం, నాట్యం, కవిత్వం మూడూ తెలిసిన దేవదాసి. ఆమె రాసిన కావ్యం పేరు రాధికా సాంత్వనం. కృష్ణుడికి ఇళను ఇచ్చి రాధ తానే పెళ్ళి చేయడం, తరువాత ఆ దుఃఖాన్ని ఓర్వలేక అలగడం, కృష్ణుడు వచ్చి ఆమెను ఊరడించడం అందులోని కథ.

"ఆ పుస్తకం ఇక్కడ ఉందా తాతయ్యా?" అని అడిగింది మనుమరాలు.

అద్దాల వెనక ఉన్నవాటిలో అది మా కంటికి కనబడలేదు గాని, ఆ పుస్తకం పడ్డ పాట్లు ఆ అమ్మాయికి చెప్పాను. మీకూ చెప్పాలి. ఎందుకంటే అక్కడి నుంచి తిరువయ్యారుకు దారి ఆ కథలో నుంచే పోతుంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు మహానుభావులు. స్త్రీ విద్యకు, వితంతు వివాహాలకు ఆయన చేసినంత పని ఇంకొకరు చేయలేదు. అటువంటి ఆయన తమ ఆంధ్రకవుల చరిత్రములో ముద్దుపళని పాండిత్యాన్ని మెచ్చుకుంటూనే, ఆ కావ్యంలో చాలా భాగం చెవిన పడరానిదనీ, ఒక ఆడదాని నోట రావలసిన మాటలు కావనీ రాశారు. ఆమె నడవడిని గురించి కూడా గట్టి మాటే వేశారు. చదివినవాళ్ళు అవునన్నారు. అంతటితో ఆ కావ్యం మూల పడవలసిందే.

ఆ మాటను పట్టుకొని నిలదీసింది ఇంకొక పాటగత్తె, బెంగళూరు నాగరత్నమ్మ.

పేరు మా ఊరిదే అయినా, ఆమె పుట్టింది మైసూరు దగ్గర నంజనగూడులో, 1878లో. తల్లి పుట్టలక్ష్మి. దేవదాసి కుటుంబం. కన్నడం, తెలుగు, సంస్కృతం చదువుకుంది. సంగీతం క్షుణ్ణంగా నేర్చుకుంది. తరువాత మద్రాసు చేరి, కచేరీలకు, గ్రామఫోను ప్లేట్లకు దక్షిణదేశమంతటా పేరు తెచ్చుకుంది. ముద్దుపళని కావ్యం అంతకుముందే అచ్చయింది గాని, అందులో అవతారికా పద్యాలూ, మరికొన్ని పద్యాలూ వదిలేశారు. నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, ఏదీ తీసేయకుండా పరిష్కరించి 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. దానికి తానే ఒక పీఠిక రాసింది.

ఆ పీఠికలో ఆమె అడిగినది చిన్న ప్రశ్న. సిగ్గూ మర్యాదా అనేవి ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకు లేవా? ముద్దుపళని వేశ్య గనుక సిగ్గు విడిచి రాసిందంటే, అంతకన్న పచ్చిగా రాసిన మగ కవులను ఏమనాలి? పంతులుగారు తామే పరిష్కరించిన వైజయంతీ విలాసంలో ఉన్న వర్ణనల మాటేమిటి? ఇదీ ఆమె వాదం.

ప్రశ్నకు జవాబు రాలేదు. పోలీసులు వచ్చారు. పుస్తకం అశ్లీలమని 1911లో ప్రభుత్వం నిషేధించి, ప్రతులు పట్టుకుపోయింది. శృంగారం నిండిన మగ కవుల కావ్యాలు ఎన్నో అప్పుడు బజారులో ఉన్నాయి. రాసింది ఫలానా, అచ్చు వేయించింది ఫలానా అని ఇద్దరి పుట్టుకనూ ఎత్తి చూపినవాళ్ళే గాని, పద్యం బాగుందా లేదా అన్న మాట ఎత్తినవాళ్ళు తక్కువ. ఆ నిషేధం పోవడానికి 1947 రావలసి వచ్చింది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఆ పని చేశారు. 1952లో వావిళ్ళ వారు పుస్తకం మళ్ళీ వేశారు.

మనుమరాలు అంతా విని, "అయితే ఆమె ఊరుకుందా?" అంది.

"ఊరుకోలేదు. ఆమె ఏం చేసిందో మధ్యాహ్నం చూపిస్తాను పద" అన్నాను.

తంజావూరు నుంచి తిరువయ్యారుకు 13 కిలోమీటర్లు. సిటీ బస్సులు ఎప్పుడూ ఉంటాయి. కిటికీ పక్కన కూర్చొని వంతెనలు లెక్కపెట్టడం ఆ దారిలో సరదా. వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, ఆఖరున కావేరి. తమిళంలో ఆరు అంటే మన ఏరే. ఐదు ఏళ్ళ ఊరు కనుక తిరు ఐ ఆరు. సంస్కృతంలో పంచనదం. ఆగస్టు గనుక కావేరిలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. రెండు పక్కలా కొబ్బరితోటలు, అరటితోటలు, నాట్లు పడుతున్న మళ్ళు. ఎర్రమట్టి రంగు నీళ్ళు వంతెన కింద సుళ్ళు తిరుగుతూ పోతుంటే పిన్ని రెండు చేతులూ జోడించింది.

ముందు ఐయ్యారప్పరు గుడికి వెళ్ళాము. చాలా పెద్ద గుడి. ప్రాకారంలో ఒక చోట నిలబడి దక్షిణం వైపు గట్టిగా పిలిస్తే మన గొంతు ఒకటి వెనక ఒకటిగా తిరిగి వినిపిస్తుంది. మనుమరాలు పిలిచింది, నేను పిలిచాను. పిన్నిని పిలవమంటే, "గుళ్ళో ఆడది అరిస్తే బాగుంటుందా" అని తప్పుకుంది. అక్కడి నుంచి త్యాగరాజస్వామి నివసించిన తిరుమంజన వీధి మీదుగా ఏటి ఒడ్డుకు నడిచాము. ఆటో ఉందన్నా పిన్ని వినలేదు. "ఆయన ఉంఛవృత్తికి నడిచిన వీధిలో నేను ఆటో ఎక్కుదునా?" అంది.

త్యాగరాజస్వామి 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు ఇక్కడ సిద్ధి పొందారు. అంతకుముందే సన్యాసం తీసుకున్నారు గనుక, కావేరి ఒడ్డున సమాధి చేశారు. శిష్యులు తమ తమ ఊళ్ళలో ఆయన తిథి జరుపుకొంటూ వచ్చారు గాని, సమాధి మాత్రం పొదల పాలయింది. 1903లో ఉమయాళ్‌పురం కృష్ణ భాగవతారు, సుందర భాగవతారు వచ్చి దాన్ని బాగుచేశారు. తరువాత ఏటేటా ఆరాధనలు మొదలయ్యాయి. మొదలైన కొద్ది ఏళ్ళకే జరిపేవాళ్ళు రెండుగా చీలారు. పెరియ కట్చి, చిన్న కట్చి అని వాటి పేర్లు. కట్చి అంటే మన కక్షే. రెండు కక్షులకూ ఏ విషయంలోనూ పొత్తు కుదిరేది కాదు, ఒక్క విషయంలో తప్ప. ఆడవాళ్ళు అక్కడ పాడరాదు!

నాగరత్నమ్మకు సమాధి దుస్థితి తెలిసింది తన గురువు, మైసూరు విద్వాంసులు బిడారం కృష్ణప్పగారి వల్ల. అప్పటికి ఆమె నడివయసు దాటింది. పేరూ, డబ్బూ సంపాదించుకొని ఉంది. వచ్చి చూసింది. స్థలం సంపాదించి, తన సొంత డబ్బుతో 1921లో పునాది వేయించి, సమాధి మీద గుడి కట్టించింది. కొన్నేళ్ళకు కుంభాభిషేకం జరిగింది. ఈనాడు మనం టీవీలో చూసే గోపురం, గర్భగుడి ఆమె కష్టార్జితమే.

గుడి కట్టించింది ఆమె. ఆ గుడి ముందు పాడడానికి మాత్రం ఆమె పనికిరాలేదు. మగ విద్వాంసులు వరుసగా కూర్చొని పాడతారు. పాడేవాడి ఇంటి సంగతులు, అలవాట్లు ఎవరూ అడగరు. గొంతు బాగుంటే చాలు. కట్టించిన ఆమె వస్తే మాత్రం కులం, పుట్టుక, నడవడి, అన్నీ లెక్కకు వస్తాయి. కీర్తన ఒకటే, రాగం ఒకటే. వినేవాడి చెవి మాత్రం రెండు రకాలు.

ఆమె పోట్లాడింది. వినలేదు. అప్పుడు 1927లో మూడో కక్షి పెట్టింది. పెణ్‌గళ్ కట్చి, అంటే ఆడవాళ్ళ కక్షి. ముందు వైపు పాడనివ్వకపోతే గుడి వెనక పాడతామని, మగవాళ్ళ ఉత్సవం ఒక పక్క జరుగుతూ ఉండగానే, గుడి వెనక వైపు ఆడవాళ్ళ ఆరాధన జరిపించింది. ఇట్లా పదమూడేళ్ళు! చివరకు 1940లో ఎస్. వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి, ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు వంటి విద్వాంసులు పూనుకొని మూడు కక్షులనూ ఒకటి చేశారు. ఆ తరువాతనే ఆడవాళ్ళూ మగవాళ్ళూ సన్నిధి ముందు కూర్చొని పాడడం వచ్చింది. అందరూ గొంతు కలిపి పంచరత్నాలు పాడే పద్ధతి కూడా అప్పుడే మొదలయింది. మనం అనాదిగా ఉందనుకొనే దృశ్యానికి వయసు నూరేళ్ళు కూడా లేదు.

నాగరత్నమ్మ ఆఖరి రోజులు తిరువయ్యారులోనే గడిపి, 1952 మే 19న కన్నుమూసింది. ఆమె సమాధి స్వామి సన్నిధికి దగ్గరలోనే ఉంది. అందులో ఆమె విగ్రహం స్వామి వైపు తిరిగి ఉంటుంది. ఎదురెదురుగా ఇద్దరు. అంతా చూసి, పిన్ని ఆ విగ్రహం ముందు చాలాసేపు నిలబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను పలకరించలేదు.

ఇప్పుడు రైలులో ఆపిన కథ చెబుతాను.

పిన్నికి పద్దెనిమిదేళ్ళప్పుడు రేడియోలో రెండుసార్లు పాడింది. మా మామయ్య, అంటే పిన్ని అన్న, ఆమెకన్న మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. పిన్నిదే మంచి గొంతు అని మామయ్య కూడా ఒప్పుకొనేవాడు. ఒక వినాయక చవితికి, మా పేటలో పందిరి వేసి వాద్యగోష్ఠి పెట్టారు. సినిమా పాటలు. మామయ్య పాడుతున్నాడు, ఒక యుగళగీతానికి ఆడ గొంతు లేకపోతే పిన్నిని ఎక్కించారు. ఒక్క పాట. జనం ఈలలు వేసి మళ్ళీ పాడించుకున్నారు.

మరునాడు పొద్దున కొళాయి దగ్గర ఆ మాటే. అన్న పక్కనే ఉన్నాడన్నది ఎవరికీ గుర్తులేదు. "మీ అమ్మాయి నిన్న మైకు పట్టుకొని భలే పాడిందే" అన్న మాటలో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో తాతగారికి తెలిసింది. నెల తిరగకముందే పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు, "స్టేజీ మీద పాడే పిల్ల ఈమేనా?" అని అడిగి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. ఆ రాత్రి తాతగారు తంబురాకు గవిసెన తొడిగి అటక మీద పెట్టించారు. తరువాత పిన్ని పాడింది వ్రతాలకు, పేరంటాలకు, పిల్లల ఉయ్యాలల దగ్గర.

మామయ్య మాత్రం పాడుతూనే ఉన్నాడు. అర్ధరాత్రి దాటి ఇంటికి వచ్చేవాడు. నోట్లో జర్దా, అప్పుడప్పుడు మందు వాసన. రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. అయినా అందరూ ఒకటే మాట: "కళాకారుడు కదా, అట్లాగే ఉంటారు." ఆయన పోయినప్పుడు పేటలో సంతాపసభ పెట్టి, ఫోటోకు పెద్ద దండ వేశారు. ఆ సభలో ప్రార్థనాగీతం పాడింది పిన్నే. నేను మామయ్యను తక్కువ చేయడం లేదు. ఆయన నాకు ఎంతో ఇష్టుడు. ఆయనకు దొరికిన క్షమలో పదో వంతు ఆమెకు దొరకలేదే అని మాత్రం ఇప్పుడు అనిపిస్తుంది.

ఇది మా ఇంటి కథే అనుకోవద్దు. ఆ రోజుల్లో పెద్ద పెద్ద విద్వాంసులు కొందరు ఆడవాళ్ళ పాటకు పక్కవాద్యం వాయించమనేవారు. మృదంగ చక్రవర్తి పాల్ఘాట్ మణి అయ్యరుగారే చాలాకాలం ఆ నియమం పెట్టుకొని, డి. కె. పట్టమ్మాళ్ విషయంలో దాన్ని సడలించారు. రాగం తానం పల్లవి మగవాళ్ళ సొత్తు అనుకొనే కాలంలో దాన్ని కచేరీలో పాడి నిలబడింది ఆ పట్టమ్మాళే. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు మొదటిసారి ఒక స్త్రీకి ఇచ్చింది 1968లో, ఎం. ఎస్. సుబ్బులక్ష్మికి. ఆ బిరుదు పుట్టింది 1942లో.

సన్నిధిలో ఆ వేళ పూజారి తప్ప ఎవరూ లేరు. గోడల మీద చెక్కిన కృతులు చదువుతూ మనుమరాలు చుట్టూ తిరుగుతోంది. పిన్ని మెల్లగా కూర్చొని, కాళ్ళు చాపుకోలేక ఒక పక్కకు మడిచి, ఒక చిన్న కృతి ఎత్తుకుంది. పల్లవి బాగా వచ్చింది. అనుపల్లవిలో గొంతు కొంచెం వణికింది. చరణంలో పై షడ్జం దగ్గర పలకలేదు. ఆగి, ఊపిరి తీసుకొని, ఆ సంగతి వదిలి మళ్ళీ పల్లవికి వచ్చింది. పూజారి కళ్ళు మూసుకొని విని, చివర హారతి ఇచ్చి, ఒక పూవు ఆమె చేతిలో పెట్టాడు. అరవై ఏళ్ళ తరువాత ఆమె ఇంటి బయట పాడిన మొదటి పాట అది. ఆ సంతాపసభలో ప్రార్థనను లెక్కలోకి తీసుకోవద్దని ఆమే అంది.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాము. నేను ఏదో పెద్దమనిషి తరహాలో, "చూశావా, ఆ కాలంలో ఆడవాళ్ళను ఎట్లా చూశారో" అని మనుమరాలికి చెప్పబోయాను.

ఆ అమ్మాయి నా వైపు చూడకుండా ఏటిని చూస్తూ, "తాతయ్యా, పోయిన ఏడు పోటీలో నువ్వేం రాశావో గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఉగాదికి మేము పిల్లలకు సంగీతం పోటీలు పెడతాము. న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. మనుమరాలి స్నేహితురాలు ఒకామె క్షేత్రయ్య పదం పాడింది. చక్కగా పాడింది. నేను మార్కుల కాగితం మీద "వయసుకు తగని పాట" అని రాసి, పై స్థానం రావలసిన పిల్లను మూడో స్థానంలో పెట్టాను. బహుమతులు ఇచ్చేటప్పుడు మైకులో, "మంచి గొంతమ్మా, భక్తి పాటలు ఎంచుకో" అని సలహా కూడా పడేశాను. సభలో కొందరు నవ్వారు.

"అంతకు ముందు ఏడు ఒక అబ్బాయి క్షేత్రయ్య పదమే పాడాడు కదా. అతనికి నువ్వే మొదటి బహుమతి ఇచ్చావు. భావం బాగా పట్టాడని చెప్పావు. అతనికీ పదహారేళ్ళే."

నేను మాట్లాడలేదు.

"ఆమె ఈ ఏడు పేరు ఇవ్వలేదు తాతయ్యా. వాళ్ళ నాన్న వద్దన్నాడట."

పిన్ని చేతిలో పూవు అటూ ఇటూ తిప్పుతూ, "వింటివా?" అంది. అంతే. తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

నేను తంజావూరులో పొద్దున వీరేశలింగంగారి గురించి ఎంత ధాటిగా చెప్పానో గుర్తు వచ్చి సిగ్గు వేసింది. ఆయనకు నూరేళ్ళ నాటి లోకం అడ్డం ఉంది. నాకేమి అడ్డం? పోటీ కాగితంలో శ్రుతి, లయ, భావం, ఉచ్చారణ అని నాలుగు గడులు ఉంటాయి. అయిదోది "వేదిక మీద నడవడి". ఇన్నేళ్ళలో ఆ గడిలో మగపిల్లవాడికి నేను మార్కులు తగ్గించిన గుర్తు లేదు. ఆడపిల్లలకు జడ, చున్నీ, నవ్వు, చేతుల ఊపు, అన్నింటికీ తగ్గించాను.

ఇంకొకటి కూడా ఆ మెట్ల మీదే తెలిసింది. మనుమరాలే పట్టుకుంది. "నువ్వు కృష్ణప్పగారు, మణి అయ్యరుగారు అంటావు. ఆమెను మాత్రం కట్టించింది, పాడింది అంటావు. ఎందుకు?" పాఠకులు కూడా ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఈ వ్యాసంలో ఇంతవరకు పంతులుగారు "రాశారు", ముద్దుపళని "రాసింది". అయ్యరుగారు "సడలించారు", పట్టమ్మాళ్ "నిలబడింది". అలవాటు కొద్దీ అలాగే వచ్చింది. దిద్దబోయి, మీకూ కనబడాలని అలాగే వదిలేశాను.

తిరుగు ప్రయాణంలో బస్టాండు దగ్గర తిరువయ్యారు అశోకా హల్వా కొన్నాము. పెసరపప్పుతో చేస్తారు, వేడివేడిగా అరిటాకులో వేసి ఇస్తే నేయి కారుతూ ఉంటుంది. మాట్లాడకుండా తిన్నాము. బెంగళూరు చేరిన వారానికి ఆ స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. తండ్రి మర్యాదగానే కూర్చోబెట్టాడు. జరిగింది నా తప్పు అని, ఆ ఏడు మొదటి బహుమతి ఆమెదేనని చెప్పాను. ఆయన "పోనీలెండి సార్, అయిపోయింది కదా" అన్నాడు. ఆ అమ్మాయి లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది, మాట్లాడలేదు. వచ్చే ఏడు పాడుతుందో లేదో తెలియదు. పాడమని అడిగే హక్కు నాకు లేదు.

చేయగలిగింది ఒకటి చేశాను. కార్యవర్గ సమావేశంలో ఆ అయిదో గడి తీసేయమన్నాను. కొంత చర్చ జరిగింది. "పిల్లలకు క్రమశిక్షణ ఉండవద్దా?" అన్నారు ఒకరు. ఉండాలి. అయితే ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకే కొలత ఉండాలి, లేదా కొలతే ఉండకూడదు. చివరకు గడి తీసేశారు.

నాగరత్నమ్మగారు 1910లో అడిగిన ప్రశ్నకు పుస్తకం ముందుమాటలో జవాబు దొరకలేదు. అందుకే ఆవిడ ఆ తరువాత గుడి కట్టించారు. తమ ఆస్తిని ఆ సమాధి సేవకే ట్రస్టుగా రాసి, ఆడవాళ్ళకు, దేవదాసీలకు కూడా అక్కడ పాడే హక్కు ఉండాలని షరతు పెట్టారు. మనం గుడులు కట్టనక్కరలేదు. మన ఇంటి ఆడపిల్ల పాడుతున్నప్పుడు పాట వింటే చాలు. ఎవరు పాడినా ముందు శ్రుతి చూడండి, తరువాత లయ చూడండి. అక్కడితో ఆగండి.

మా పిన్ని తంబురా అటక మీద నుంచి దించాము. తీగలు తుప్పు పట్టాయి, కాయ మాత్రం చెక్కుచెదరలేదు. కొత్త తీగలు వేయించాను. సాయంత్రాలు మనుమరాలు పక్కన కూర్చొని శ్రుతి వేస్తుంది, పిన్ని పాడతారు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. ఆరాధన పుష్య బహుళ పంచమికి, అంటే సాధారణంగా జనవరిలో వస్తుంది. పంచరత్నాల సేవ ఆ రోజు ఉదయం. జనం విపరీతంగా ఉంటారు కనుక తంజావూరులో బస ముందే చూసుకోవాలి. పెద్దవాళ్ళను తీసుకువెళ్ళేవారు కావేరి నిండుగా ఉండే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, సెలవు లేని రోజున వెళితే ప్రశాంతంగా ఉంటుంది. స్వామి దర్శనం కాగానే తిరిగి రాకండి. ఎదురుగా ఉన్న ఆ రెండో సమాధి దగ్గర కూడా ఒక పాట పాడి రండి.